తీర్థంలో లైవ్ స్క్రీన్ ప్రింటింగ్: జనం ముందే టీషర్టు అచ్చేసి ఇవ్వడానికి సమగ్ర మార్గదర్శి

తీర్థంలో, అంటే గుడి జాతరలో, బల్ల వేసి, జనం చూస్తుండగానే టీషర్టు మీదో కండువా మీదో బొమ్మ అచ్చేసి చేతికివ్వాలంటే అందరూ ముందు డిజైను దగ్గర కూర్చుంటారు. కూర్చోవలసింది కరెంటు లెక్క దగ్గర. స్క్వీజీ, అంటే ఫ్రేముకు బిగించిన స్క్రీను గుడ్డ బెజ్జాల్లోంచి ఇంకును బట్ట మీదికి నెట్టే రబ్బరు పట్టీ, లాగడం అయిదారు సెకన్ల పని. ఆ ఇంకు ఉడికి, ఎన్ని ఉతుకులకైనా ఊడకుండా బట్టను పట్టుకోవాలంటే మాత్రం 160 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. గంటకు ఎన్ని చొక్కాలు ఇవ్వగలరు, ఎంతమంది మనుషులు కావాలి, ఏ ఇంకు కొనాలి అన్నవన్నీ ఆ వేడి చుట్టూనే తిరుగుతాయి.

కింది లెక్కలన్నీ ఒక అచ్చు బల్ల, ఒకే రంగు, నలుగురు మనుషులు అనుకుని వేసినవి. రెండు మూడు రంగుల అచ్చు షాపులో వేయడానికి బాగుంటుంది. తీర్థంలో వద్దు. రంగుకూ రంగుకూ గురి కుదరకపోతే సరిచేసుకునే తీరిక అక్కడ దొరకదు.

చోటు, పూట, ఆశీలు

పండగను బట్టి పని మారుతుంది. కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం ఒక్కరోజు వ్యవహారం. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర కొబ్బరితోటలోకి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు, అంటే అలంకరించి మోసుకొచ్చే ఎత్తైన కట్టడాలు, చేరతాయి. పొద్దున్న పలచగా ఉండే జనం, ప్రభలు దిగే వేళకు ఒక్కసారిగా విరుచుకుపడతారు. ఇలాంటి చోట ముందే అచ్చేసి ఉడికించిన సరుకు సగం దగ్గరుండాలి. భీమవరం మావుళ్ళమ్మ ఉత్సవాలు సంక్రాంతి నుంచి వారాల తరబడి నడుస్తాయి కాబట్టి అక్కడ రోజూ సాయంత్రం నాలుగైదు గంటలు నింపాదిగా అచ్చేసుకోవచ్చు. మాఘమాసంలో అంతర్వేది కల్యాణోత్సవాలకైతే సముద్రపు గాలిని, ఇసుకను కాచుకోవాలి. గాలి ఇంకు ఆరబెట్టే ఫ్లాష్ హీటరు వేడిని ఎత్తుకుపోతుంది, ఇసుక రేణువు ఇంకులో పడితే స్క్రీను చిరుగుతుంది. మూడు వైపులా పరదా లేకుండా అక్కడ బల్ల వేయకండి.

స్థలం దేవస్థానానిదైతే కార్యనిర్వహణాధికారి దగ్గర, తోటయితే ఉత్సవ కమిటీ దగ్గర, రోడ్డు పక్కనైతే పంచాయతీ దగ్గర మాట తీసుకోవాలి. ఆశీలు, అంటే చోటుకు కట్టే రుసుము, వసూలుకు పాట పాడుకున్నవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళకు కట్టిన రసీదు దాచుకోండి. అడిగేటప్పుడే జనరేటరు పెడతామని, హీటరు వాడతామని చెప్పేయండి. తీరా బల్ల వేశాక తాటాకు పందిరి కింద హీటరేమిటని ఆపేస్తే ఆ రోజు సరుకంతా వెనక్కే.

దేవుడి బొమ్మ విషయం ముందే తేల్చుకోవాలి. చొక్కా మీద స్వామి విగ్రహం అచ్చేస్తే కొనేవాళ్ళూ ఉంటారు, ఆ చొక్కా చెమటకు తడిసి చాకిరేవుకు పోతుందని కోప్పడే పెద్దలూ ఉంటారు. కమిటీ ఒప్పుకున్నా మా సలహా ఒకటే: విగ్రహం జోలికి పోకండి. ప్రభ ఆకారం, రథం, గోపురం, కొబ్బరిచెట్టు, లాంచీ, ఊరి పేరు, సంవత్సరం. ఇవి చాలు, ఇవే ఎక్కువ అమ్ముడుపోతాయి కూడా.

కరెంటు లెక్క

బల్ల మీద ఇంకును పైపైన ఆరబెట్టే ఫ్లాష్ హీటరు, పదహారు అంగుళాల పలకది, దాదాపు 1,600 వాట్లు లాగుతుంది. అచ్చును వేడి పలకతో నొక్కి ఉడికించే 15 అంగుళాల హీట్ ప్రెస్ మరో 1,800. రెండు లైట్లు, ఒక ఫ్యాను కలిపి 150. మొత్తం 3,550 వాట్లు, 230 వోల్టుల దగ్గర పదిహేనున్నర ఆంపియర్లు. 5 కేవీఏ జనరేటరు 4,000 వాట్ల దాకా ఇస్తుంది కాబట్టి సరిపోతుంది. దానికే పక్కవాళ్ళ జ్యూస్ మిక్సీ తగిలించనివ్వకండి. మైకుసెట్టు జనరేటరు నుంచి లైను అడుక్కోవడం అసలు వద్దు.

వోల్టేజి పడిపోతే ఏం జరుగుతుందో చాలామంది పట్టించుకోరు. హీటరు ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 వోల్టులు 190కి పడితే తగ్గింది ఆరో వంతేగా అనిపిస్తుంది, వేడి మాత్రం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. 1,600 వాట్ల ఫ్లాష్ 1,100 దగ్గర ఆగిపోతుంది. పది సెకన్లలో ఆరే అచ్చు పదిహేను దాటినా ఆరదు. పనివాడు ఇంకును తిడతాడు, తప్పు వైరుది. అందుకని ఇళ్ళలో వాడే సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు కాకుండా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో రెండు వేర్వేరు లైన్లు లాక్కోండి. ఒకటి ఫ్లాష్‌కు, ఒకటి ప్రెస్‌కు, రెంటికీ 16 ఆంపియర్ల సాకెట్లే. వైరు చుట్టను పూర్తిగా విప్పి పరవాలి. చుట్టగా ఉంచి ఇంత లోడు లాగితే లోపల వేడెక్కి తొడుగు కరుగుతుంది. లైట్లు, ఫ్యాను ఏ లైనులో కలిపినా ఫరవాలేదు.

గోదావరి డెల్టాలో పొలం పక్క నేల జనవరిలో కూడా చెమ్మగానే ఉంటుంది. బోర్డును నేలకు మూడడుగుల ఎత్తున కట్టండి, ప్రెస్ దగ్గర నిలబడేవాడి కాళ్ళ కింద రబ్బరు చాప వేయండి, కరెంటు నేలకు కారితే 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి. జనరేటరును పందిరికి దూరంగా, పొగ జనం మీదికి రాకుండా గాలివాలున పెట్టాలి. పెట్రోలు పొయ్యడం జనరేటరు ఆపి చల్లారాకే.

ఇంకు: రెండు దారులు

టీషర్టుకు ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ ఇంకు, కండువాకు నీళ్ళ ఇంకు. కారణం ఇది.

ప్లాస్టిసాల్ వేడి తగిలేదాకా ఆరదు. స్క్రీను మీద గంటసేపు వదిలేసినా బెజ్జాలు మూసుకుపోవు. తీర్థంలో జనం కెరటాల్లా వస్తారు, అరగంట ఎవరూ రారు, తర్వాత ఇరవైమంది ఒకేసారి నిలబడతారు. అందుకు ఈ ఇంకు తగినది. నల్ల చొక్కా మీద తెలుపు కూడా నిండుగా కూర్చుంటుంది. దీని చిక్కంతా ఉడకడంలోనే. 110, 120 డిగ్రీల దగ్గరే పైన గట్టిపడి, తాకితే వేలికి అంటదు. ఆరిపోయిందనుకుని ఇచ్చేస్తే రెండో ఉతుకులో పెచ్చులుగా లేస్తుంది. పై పొర మాత్రమే కాదు, ఇంకు పొర అడుగుదాకా 160 డిగ్రీలు చేరాలి.

నీళ్ళ ఇంకు, అంటే పిగ్మెంటు కలిపిన పేస్టు, బట్టలోకి ఇంకిపోయి మెత్తగా ఉంటుంది. తెల్ల కండువాకు, పలచని నూలు తువ్వాలుకు ఇదే బాగుంటుంది, ప్లాస్టిసాల్ వేస్తే అట్ట కట్టినట్టుంటుంది. కిలో క్లియర్ పేస్టుకు 30 నుంచి 50 గ్రాముల పిగ్మెంటు, రంగును బట్టకు పట్టించే ఫిక్సరు దాదాపు 20 గ్రాములు. ఫిక్సరు పాలు కంపెనీని బట్టి మారుతుంది, డబ్బా మీద రాసిందే ప్రమాణం. ఫిక్సరు కలిపాక ఆ పేస్టు రేపటికి పనికిరాదు, అందుకని ఒక్కసారికి 250 గ్రాముల చొప్పున కలుపుకోండి. గాలి తగిలితే స్క్రీనులోనే ఆరిపోతుంది. అచ్చుకూ అచ్చుకూ మధ్య స్క్రీను మీద ఇంకు పొర పరిచి ఉంచాలి, చేతి స్ప్రేతో అప్పుడప్పుడూ సన్నగా నీళ్ళు చల్లాలి. ముదురు బట్ట మీద క్లియర్ పేస్టు కనిపించదు, దానికి తెల్ల రబ్బరు పేస్టు వేరే ఉంటుంది, అది ఇంకా తొందరగా బెజ్జాలు మూసేస్తుంది.

పది అంగుళాల వెడల్పు ఒక రంగు బొమ్మకు చొక్కాకు పది గ్రాముల దాకా ఇంకు పోతుంది, బొమ్మ నిండుగా ఉంటే ఇంకా ఎక్కువ. 120 చొక్కాలకు కిలోన్నర తీసుకెళ్తే నిశ్చింత.

బొమ్మ, తెలుగు అక్షరం

గీత మిల్లీమీటరు కంటే సన్నగా ఉండకూడదు. గీతకూ గీతకూ మధ్య ఖాళీ కూడా అంతే. షేడింగులు, ఫోటోలు వద్దు.

అసలు జాగ్రత్త అక్షరాల దగ్గర. మన లిపిలో బ–భ, ద–ధ, డ–ఢ, ప–ఫ మధ్య తేడా కింద ఉండే చిన్న నిలువు గీతే. "ప్రభల తీర్థం" అని రాసుకున్నారనుకోండి. స్క్రీనును వెలుగులో ఎక్కువసేపు ఉంచితే ఆ చిన్న గీత మూసుకుపోయి చొక్కా మీద "ప్రబల తీర్థం" అని పడుతుంది. ఇంకు పాముకుంటే థ లోపలి చుక్క చుట్టూ ఉండాల్సిన ఖాళీ నిండిపోయి ముద్దవుతుంది. రామభద్ర లాంటి లావు ఫాంటు తీసుకుని, అక్షరం ఎత్తు కనీసం 12 మిల్లీమీటర్లు పెట్టి, ఆ గీతల్ని చేత్తో కాస్త పొడుగు, లావు చేయించండి. ఒత్తుల దగ్గర ఇంకో చిక్కుంది. డీటీపీలో అక్షరాన్ని కర్వులుగా మార్చినప్పుడు అక్షరమూ ఒత్తూ ఒకదానిమీద ఒకటి పడే చోట తెల్ల బెజ్జం వస్తుంది. రెంటినీ వెల్డ్ చేస్తే, అంటే ఒకే ఆకారంగా కలిపేస్తే పోతుంది. తెర మీద సరిగానే కనిపించినా ఒక కాగితం మీద తీసి, ఆ ఊరి మనిషి చేత చదివించాకే ఫిల్ముకు వెళ్ళండి.

ఫిల్ము అంటే బొమ్మను స్క్రీను మీదికి దించడానికి వాడే నల్ల ప్రతి, ఖరీదైనదేమీ కాదు. ట్రేసింగ్ పేపరు మీద లేజర్ ప్రింటు తీసి, రెండు కాపీలు ఒకదానిమీద ఒకటి కచ్చితంగా అంటిస్తే నలుపు చిక్కగా వస్తుంది. కిటికీకి ఎత్తి పట్టి చూసినప్పుడు నలుపులోంచి వెలుగు కనిపిస్తుంటే అది పనికిరాదు.

స్క్రీను తయారీ

శుభలేఖలు అచ్చేసే షాపు ప్రతి పట్నంలోనూ ఉంటుంది, స్క్రీను వాళ్ళ చేతే ఎక్స్‌పోజ్ చేయించుకోవచ్చు, అంటే ఫిల్ము పెట్టి వెలుగు చూపి బొమ్మ దింపించుకోవచ్చు. అయితే వాళ్ళ దగ్గరుండే సన్న గుడ్డ కాగితానికి సరిపోతుంది, టీషర్టుకు కాదు. అంగుళానికి 110 దారాలు, అంటే సెంటీమీటరుకు 43 దారాల గుడ్డ అడగండి. నీళ్ళ ఇంకుతో సన్న అక్షరాలకైతే 55 దారాలది. ఫ్రేము బయటి కొలత 20 × 24 అంగుళాలు, లోపల బొమ్మ 10 × 12 మించకూడదు. బొమ్మకు నాలుగు వైపులా నాలుగైదు అంగుళాల చోటు లేకపోతే గుడ్డ బిగువు వల్ల స్క్వీజీ అంచుల్లో సరిగా నొక్కదు.

సొంతంగా చేసుకునేవాళ్ళకు వరస ఇది. గుడ్డను డిటర్జెంటుతో జిడ్డు పోయేలా తోమి ఆరబెట్టాలి. పసుపు లైటు గదిలో ఎమల్షన్‌ను, అంటే వెలుగు తగిలితే గట్టిపడే పూతను, చొక్కాను తాకే వైపు ఒక పూత, స్క్వీజీ వైపు ఒక పూత వేసి, చొక్కా వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి ఆరబెట్టాలి. డెల్టాలో ఎక్కువ స్క్రీన్లు పాడయ్యేది ఇక్కడే. పొగమంచు రోజుల్లో గాలిలో చెమ్మ ఎంతంటే, పైకి ఆరినట్టే ఉన్న పూత లోపల తడిగా ఉంటుంది. అలాంటిదాన్ని వెలుగులో పెడితే లోపలి పొర గట్టిపడదు, కడిగేటప్పుడు జారిపోతుంది. మూసిన పెట్టెలో చిన్న ఫ్యాను, సిలికా జెల్ పొట్లాలు పెట్టి రాత్రంతా వదిలేయండి. హెయిర్ డ్రయ్యరుతో తొందరపెడితే వేడి 40 డిగ్రీలు దాటకూడదు.

ఎంతసేపు వెలుగు చూపాలో ఎవరినీ అడగకండి. మీ లైటుకు, మీ ఎమల్షన్‌కు ఒక మెట్ల పరీక్ష చేయండి: ఫిల్ము మీద నల్లకాగితం కప్పి రెండు నిమిషాలకోసారి కొంత జరుపుతూ ఐదు పట్టీలు తీయండి. కడిగాక ఏ పట్టీలో భ కింద గీత పూర్తిగా తెరుచుకుని, పూత గట్టిగా నిలిచిందో అదే మీ సమయం. కడగడానికి కాలువ నీళ్ళు వాడకండి. ఒండ్రు రేణువు పూతలో ఇరుక్కుంటే సూది బెజ్జమే. ఆరాక ఎండలో పది నిమిషాలు పెడితే పూత ఇంకా గట్టిపడుతుంది. నీళ్ళ ఇంకుకైతే నీటికి తట్టుకునే ఎమల్షనే అడిగి తీసుకోండి, మామూలుది గంటకే ఉబ్బుతుంది.

ఎమల్షన్‌కు వెలుగులో గట్టిపడే గుణమిచ్చే సెన్సిటైజరుగా అమ్మోనియం బైక్రోమేట్ చౌకగా దొరుకుతుంది, ఇప్పటికీ చాలా షాపుల్లో అదే. అందులోని క్రోమియం చర్మానికి, ఊపిరితిత్తులకు హాని, క్యాన్సరు కారకం కూడా. డయాజో రకం తీసుకోండి, ఖర్చు కొంచెం ఎక్కువైనా.

ప్రతి బొమ్మకూ రెండు స్క్రీన్లు ఉండాలి. తీర్థంలో చిరిగిన స్క్రీనుకు మందు లేదు.

బల్ల అమరిక

జనం ముందు సైజులు, బొమ్మలు చూపే బల్ల. దాని వెనక మూడడుగుల ఎడంలో అచ్చు బల్ల, అందరికీ కనిపించేలా ఎత్తుగా. వీటి మధ్య తాడు కట్టండి, పిల్లల చేతులు ఫ్లాష్ కిందికి వస్తాయి. హీట్ ప్రెస్ అన్నిటికంటే వెనక. టోకెను రాసి డబ్బు తీసుకునే మనిషి ఇంకు ముట్టుకోకూడదు, చొక్కాలు తొడిగే మనిషి కూడా ముట్టుకోకూడదు. తెల్ల చొక్కాల మీద పడే సగం మరకలు వేళ్ళవే. అచ్చేసేవాడు ఒకడు, ప్రెస్ దగ్గర ఒకడు. ఇలా నలుగురు. తీర్థంలో ఫోన్ సిగ్నల్ మొండికేస్తుంది, క్యూఆర్ కోడ్‌తో పాటు చిల్లర కూడా ఉంచుకోండి.

పందిరి తాటాకుదైతే హీటరుకు పైన, పక్కన నాలుగడుగుల ఖాళీ, ఆ భాగంలో పైన రేకు. ఆర్పే సిలిండరు ఒకటి, ఇసుక బకెట్లు రెండు. కిరసనాయిలుతో స్క్రీను తుడిచే అలవాటు షాపులోనే వదిలేసి రండి. ఎర్రగా కాలే హీటరు పలక పక్కన అది ప్రాణాంతకం.

అచ్చు వేయడం

1. చొక్కా తొడిగే అచ్చు పలక మీద, చొక్కా కదలకుండా పట్టే టేబుల్ గమ్ పలచగా పూసి, చేతికి జిగటగా తగిలేదాకా ఆరనివ్వండి. 25, 30 చొక్కాల దాకా పని చేస్తుంది. నూగు చేరాక తడిగుడ్డతో తుడిచి మళ్ళీ పూయండి.

2. చొక్కాను హీట్ ప్రెస్‌లో అయిదు సెకన్లు నొక్కి తీయండి. మడతలు పోవడం ఒక లాభం. అసలు లాభం నూలులో చేరిన చెమ్మ పోవడం. ఆ తడి ఆవిరవడానికే వేడంతా ఖర్చయితే ఇంకు ఉడకడం వెనకబడుతుంది. మంచు కురిసే పొద్దుటిపూట ఈ మెట్టు ఎట్టి పరిస్థితిలోనూ మానకండి.

3. పలకకు తొడిగి, నడుమ గీతకు చొక్కా నడుమ కలపండి. బొమ్మ పై అంచు కాలరుకు నాలుగు వేళ్ళ కింద. పిల్లల చొక్కాకు రెండు వేళ్ళు, పలక కూడా చిన్నది, 10 × 12 అంగుళాలది.

4. స్క్రీను దించినప్పుడు గుడ్డకూ చొక్కాకూ మధ్య రెండు రూపాయి బిళ్ళలు పేర్చినంత ఎడం, అంటే 3 మిల్లీమీటర్లలోపు ఉండాలి. ఎడం లేకపోతే లాగిన వెంటనే గుడ్డ లేవక అచ్చు అంచులు పాముకుంటాయి. మరీ ఎక్కువైతే బొమ్మ సాగుతుంది.

5. స్క్రీను ఎత్తి ఉంచి ఇంకును ఒకసారి నొక్కకుండా పరవండి. దించి, స్క్వీజీని 70, 75 డిగ్రీల వాలులో పట్టుకుని, ఒకే బలంతో ఒకే వేగంతో లాగండి. స్క్వీజీ రబ్బరు గట్టిదనం షోర్ ఏ కొలతలో 65 నుంచి 70, వెడల్పు బొమ్మకంటే రెండు అంగుళాలు ఎక్కువ. కొత్తవాళ్ళు చివరికొచ్చేసరికి నొక్కు వదిలేస్తారు, అందుకే బొమ్మ కింది భాగం పలచబడుతుంది.

6. ముదురు చొక్కా మీద తెలుపుకు ఒక లాగుడు చాలదు. లాగి, ఫ్లాష్ కింద పది సెకన్లు, మళ్ళీ లాగుడు. చొక్కా పలక మీంచి కదలకూడదు.

7. చివర్న పది సెకన్ల ఫ్లాష్. వేలితో తాకితే అంటకూడదు. ఇప్పుడు తీసి ప్రెస్‌కు పంపండి.

ఫ్లాష్ వల్ల పలక మెల్లగా కాగుతుంది. అరగంట గడిచేసరికి చేయి పెట్టలేనంత వేడైతే, స్క్రీను దించగానే బెజ్జాల్లోని ప్లాస్టిసాలే గట్టిపడడం మొదలెడుతుంది, అచ్చులో అక్కడక్కడా గీతలు మాయమవుతాయి. అప్పుడు ఇంకు మార్చి లాభం లేదు. పలక మీద తడిగుడ్డ వేసి, తీసి, పొడిగా తుడిచి, రెండు నిమిషాలు ఫ్లాష్ పక్కకు తిప్పేయండి. రెండు పలకలు మార్చిమార్చి వాడగలిగితే ఈ బాధే ఉండదు.

ఉడికించడం

ప్రెస్‌ను 165 డిగ్రీల దగ్గర పెట్టి, అచ్చు మీద టెఫ్లాన్ షీటు వేసి, తేలిక నొక్కుతో 30 సెకన్లు. గట్టిగా నొక్కితే ఇంకు బట్టలోకి దిగిపోయి తెలుపు మసకబారుతుంది. బొత్తాలు, జిప్పులు ప్రెస్ పలక బయట ఉండాలి. షీటు తీశాక చొక్కాను విడిగా ఆరేసి, చల్లారాకే మడవండి. వేడి చొక్కాల్ని ఒకదానిమీద ఒకటి పేరిస్తే అచ్చులు అతుక్కుంటాయి.

ప్రెస్ చూపే అంకెను గుడ్డిగా నమ్మకూడదు. పొద్దున్న మొదటి మూడు చొక్కాల్ని అమ్మకానికి కాకుండా పరీక్షకు వాడండి. అచ్చును రెండు చేతులా సాగదీస్తే ఇంకు బట్టతోపాటు సాగి వెనక్కి రావాలి. పగుళ్ళిస్తే ఉడకలేదు, పది సెకన్లు పెంచండి. తర్వాత గంటకొకటి చొప్పున ఇలా సాగదీసి చూడండి, వోల్టేజి పడిన సంగతి అక్కడే బయటపడుతుంది. పండక్కి వారం ముందు ఇంట్లో వేసిన అచ్చును అయిదుసార్లు వేడినీళ్ళలో ఉతికి చూడడం మాత్రం దేనికీ ప్రత్యామ్నాయం లేని పరీక్ష.

నీళ్ళ ఇంకు కండువాను అచ్చు వేయగానే ప్రెస్‌లో మూయకూడదు, ఆవిరి పోయే దారుండదు. ముందు తీగమీద ఆరనిచ్చి, తర్వాత 150 డిగ్రీల దగ్గర రెండు మూడు నిమిషాలు, మధ్యలో ప్రెస్ ఎత్తి ఆవిరి వదులుతూ. రద్దీలో అంత సమయం ఉండదు. అందుకే కండువాల్ని రెండు రోజుల ముందే అచ్చేసి తెచ్చి, జనం ముందు పేరో సంవత్సరమో ఒక చిన్న ముద్ర మాత్రం వేయడం మేలు.

ఈ లెక్కన చొక్కాకు రెండు నిమిషాలు, గంటకు 25 నుంచి 30. అంతకంటే వేగంగా ఇస్తామని ఒప్పుకోకండి. ఒకే ప్రెస్ ఉన్నంతకాలం అచ్చు బల్ల దగ్గర ఎంత చురుకైన మనిషిని పెట్టినా ఈ అంకె పెద్దగా మారదు.

బట్ట ఎంపిక, జనం తెచ్చే బట్ట

తిరుపూరు నుంచి వచ్చే 160, 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) నూలు టీషర్టులు, బయోవాష్ చేసినవి, అంటే నూగు పోయేలా ఎంజైముతో ఉతికినవి, ఈ పనికి బాగుంటాయి. 120 తెస్తే ఎస్ 15, ఎం 30, ఎల్ 40, ఎక్స్ఎల్ 25, డబుల్ ఎక్స్ఎల్ 10. పిల్లలవి వేరేగా 30. కండువాలకు బండారులంక లాంటి చేనేత ఊళ్ళలో నూలు బట్ట చూసుకోవచ్చు, కానీ కొత్త మగ్గం బట్టకు గంజి ఉంటుంది. ఒకసారి ఉతికి ఆరేస్తేగానీ ఇంకు దారాన్ని పట్టుకోదు, గంజిని పట్టుకుని గంజితోనే పోతుంది.

పాలిస్టరు జెర్సీలతో జాగ్రత్త. 160 డిగ్రీల దగ్గర పాలిస్టరు రంగు ఆవిరై ఇంకులోకి ఎక్కుతుంది, ఎర్ర జెర్సీ మీద వేసిన తెలుపు మర్నాటికి గులాబీ అవుతుంది. దానికి 130, 140 డిగ్రీల్లో ఉడికే ప్రత్యేకమైన ఇంకు కావాలి. అది తేకపోతే "పాలిస్టరు తీసుకోం" అని బోర్డు పెట్టేయండి.

ఒంటి మీది చొక్కా విప్పి దీని మీద వెయ్యండని అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు. చెమటతో తడిసిన బట్ట వద్దని మర్యాదగా చెప్పండి. పట్టు, జరీ అంచు, టెర్రీకాటన్ కూడా తీసుకోకండి. ఉతికిన నూలు బట్టయితే సరే, అచ్చు బాగా రాకపోయినా బట్ట ఖరీదు అడగబోమని టోకెను మీదే రాయించుకోండి.

చెడితే ఎక్కడ చూడాలి

నీడలా రెండో బొమ్మ పడుతోందంటే చొక్కా పలకను వదిలి లేస్తోంది. గమ్ మళ్ళీ పూయండి. అంచులు ముద్దగా ఉంటే ఎడం తక్కువైంది, లేదా ఇంకు ఎక్కువ పరిచారు. ఎక్కడా లేని చుక్కలు పడుతుంటే సూది బెజ్జాలు, అడుగు వైపు టేపు ముక్క అంటించండి. ప్రతి చొక్కాలో ఒకే చోట వస్తే బెజ్జం, చోటు మారుతుంటే దుమ్ము. నీళ్ళ ఇంకులో గీతలు పోతుంటే తడిగుడ్డతో అడుగు వైపు నుంచి తుడిచి, పాత గుడ్డ మీద మూడు లాగుళ్ళు లాగి చూడండి. తెల్ల చొక్కా ప్రెస్‌లో లేత పసుపు తిరిగితే వేడి ఎక్కువైనట్టే. పలచని మచ్చయితే ఒక్కోసారి ఉతుకులో పోతుంది, అలాగని ఆ చొక్కా ఎవరికీ అంటగట్టకండి.

రాత్రి బల్ల ఎత్తేటప్పుడు

ప్లాస్టిసాల్ మిగిలితే గీకి డబ్బాలో పోసి మూత బిగించండి, వచ్చే పండక్కీ పనికొస్తుంది, ఇసుక పడి ఉంటే మాత్రం పాత నైలాన్ గుడ్డలో వడకట్టాలి. స్క్రీనును గుడ్డతో పొడిగా తుడిచి, కడగడం షాపుకెళ్ళాకే. పక్కనే పంటకాలువ ఉందని అందులో ముంచకండి, ఇంకు తుడిచిన గుడ్డలు, గమ్ కడిగిన నీళ్ళు కూడా డబ్బాలో పట్టి వెనక్కి తెచ్చుకోవాల్సిందే. నీళ్ళ ఇంకు స్క్రీను మాత్రం ఆగదు, రాత్రికి ఆరితే ఇక తెరుచుకోదు. ఇంటినుంచి తెచ్చిన క్యానులో నీళ్ళతో, ఒక టబ్బులో, అక్కడికక్కడే స్పాంజితో తుడవాలి.

ప్రతి చొక్కాతోనూ ఒక చీటీ ఇవ్వండి. "ఒక రోజు ఆగి ఉతకండి. తిరగేసి ఉతకండి. అచ్చు మీద నేరుగా ఇస్త్రీ పెట్టకండి." కండువా చీటీ మీద ఒక రోజు అన్నచోట మూడు రోజులు అని రాయండి.